చెయ్యి చాపిన ఏడు సెకన్లు

దెయ్యాల మాట మా ఇంట్లో ఎప్పుడూ లేదు. మాది మూడు తరాల బాప్టిస్టు కుటుంబం. చనిపోయినవాళ్లు ప్రభువు పిలిచేదాకా నిద్రలో ఉంటారని, మధ్యలో లేచి తిరగరని చిన్నప్పుడే నేర్పారు. తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు మాస్టారుగా పనిచేశాను. స్కూలు గుమ్మంలో ఎవరో పడేసిన పసుపు కుంకుమల నిమ్మకాయను పిల్లలందరూ చూస్తుండగా చేత్తో తీసి గోడ అవతల పారేసినవాణ్ని. ఇప్పుడు రాస్తున్నది చదివి మాస్టారు మారిపోయాడనుకోవద్దు. నేనింకా నమ్మను. జరిగింది మాత్రం జరిగింది.

ముందు నా తప్పు చెప్పుకోవాలి. అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు.

మా నాన్నకు ఒక అక్క ఉండేది. పేరు రూతమ్మ. మాది బొబ్బిలి. నాకు నాలుగేళ్లు వచ్చేదాకా నన్ను చంకనేసుకుని తిరిగింది ఆమేనట. నా తల పెద్దదని ‘గుమ్మడి’ అని పిలిచేది. ఆ పేరుతో నన్ను ఇంకెవరూ పిలవలేదు. ఆమె వేళ్ల మీద స్పర్శ లేని మచ్చలు కనిపించినప్పుడు తాతయ్య ఆమెను బండి ఎక్కించి, విజయనగరం వైపు ఒక మిషన్ ఆసుపత్రిని ఆనుకుని ఉన్న కుష్ఠు రోగుల కాలనీలో దింపి వచ్చాడు. ఊళ్లో మాత్రం దూరాన నర్సు పనికి వెళ్లిందన్నారు. కొన్నేళ్లకు జ్వరం వచ్చి పోయిందన్నారు.

ఇంట్లో ఉన్న ఒక్క ఫొటోలోంచి ఆమెను కత్తెరతో తీసేశారు. అది అమ్మా నాన్నల పెళ్లి ఫొటో. కత్తిరించినవాళ్లు సరిగ్గా చూసుకోలేదు. అమ్మ భుజం మీద ఒక చెయ్యి మిగిలిపోయింది. మనిషి లేదు, చెయ్యి ఉంది. చిన్నప్పుడు నేను ఆ చెయ్యి ఎవరిదని అడిగితే అమ్మ ఫొటోను గోడకు తిప్పి పెట్టింది. తర్వాత ఎప్పుడో నాన్న బియ్యం బస్తా సైకిల్‌కు కట్టుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిన రోజున, ఆమె ఆ కాలనీలో బతికే ఉందని నాకు తెలిసింది. తెలిసి ఊరుకున్నాను.

నలభై ఏళ్ల కిందటి మాట. బి.ఏ. పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను. ముగ్గురు విదేశీయులు విజయనగరంలో లాడ్జి తీసుకుని, ఇంగ్లీషు వచ్చిన కుర్రాడి కోసం వెతుకుతున్నారు. మన దేశపు వింత ఆచారాల మీద డాక్యుమెంటరీ తీస్తున్నారు. నేను దుబాసీగా చేరాను. ఆ పదిహేను రోజుల్లో వాళ్లు ఏం కావాలంటే అది చూపించాను. నెల్లిమర్లలో షిఫ్టు దిగి గుంపుగా వస్తున్న జూట్ మిల్లు కూలీలను తీశారు. బొబ్బిలిలో పనస దుంగను తొలుస్తున్న వీణల మేస్త్రిని తీశారు. ఆఖర్న, కుష్ఠు రోగులుండే చోటు ఏదైనా తెలుసా అని అడిగారు.

నాకు తెలిసింది ఒక్కటే చోటు.

ఆసుపత్రివాళ్లతో అది మిషన్ సినిమా అని చెప్పాను. మా వాళ్లెవరైనా నమ్మే అబద్ధం అది. వెనకటికి మిషన్ దొరలు అలాంటి ఫిల్ములు తీసి వాళ్ల దేశంలో చర్చీల్లో వేసేవారు, చూసినవాళ్లు ఇక్కడివాళ్ల కోసం ప్రార్థన చేసేవారు. అందుకే కాలనీలోవాళ్లు తలలు దువ్వుకుని, ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని వరుసగా నిలబడ్డారు.

ఆ రోజు సౌండ్ రికార్డు చేసే మనిషి రాలేదు. వాంతులతో లాడ్జిలో పడుకున్నాడు. పొద్దున అతనికి కొబ్బరిబొండాలు కొనిచ్చింది నేనే. అతని సౌండ్ మిషను అతని మంచం కిందే ఉంది. గొంతు తర్వాత మేమే పెట్టుకుంటాం, బొమ్మ ఉంటే చాలన్నాడు డైరెక్టరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోమని మనవి.

కెమెరా తిరుగుతుండగా వరుసలోంచి ఒకావిడ కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. నన్నే చూస్తోంది. నాది మా నాన్న పోలిక. వేళ్లు అరిగిపోయిన చెయ్యి నా వైపు చాపింది. ఆ జబ్బుతో గొంతు బొంగురుపోయి ఉంది.

“ఒరే గుమ్మడీ! నువ్వేనేటిరా? బువ్వ తిన్నావేటిరా?”

డైరెక్టరు నా వైపు తిరిగి ఆమె ఏమంటోందని అడిగాడు.

అన్నం అడుక్కుంటోందని చెప్పాను.

ఆ వాక్యం నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ మరిచిపోలేదు. ఆమె మా అత్త అని వాళ్లకు తెలిస్తే నన్ను ముట్టుకోరేమోనని, పనిలోంచి తీసేస్తారేమోనని భయం. కాని అది పూర్తి నిజం కాదు. వాళ్లతో పాటు జీపులో తిరిగి నేనూ వాళ్లలో ఒకణ్ననుకోవడం అలవాటైంది.

డైరెక్టరుకు అది బాగా నచ్చింది. మళ్లీ చెయ్యమన్నాడు. నేను ఆమెకు దగ్గరగా వెళ్లలేదు. పది అడుగుల దూరం నుంచే, “అమ్మా, ఇంకొక్కసారి చెయ్యి చాపమ్మా” అన్నాను. ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నట్టు. రెండోసారీ చాపింది, అదే మాట అడిగింది, కాస్త నెమ్మదిగా. మూడోసారి చెయ్యమన్నప్పుడు నా మొహంలోకి చాలాసేపు చూసింది. అర్థమైపోయింది ఆమెకు. చెయ్యి మాత్రం చాపింది. నోరు విప్పలేదు. నా పని చెడకూడదని చాపిందనుకుంటాను.

రెండేళ్ల తర్వాత, రూతమ్మ పోయిందని కాలనీ నుంచి నాన్నకు ఉత్తరం వచ్చింది. నాన్న దాన్ని బైబిల్లో పెట్టుకున్నారు. వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. మాలో ఎవరైనా పోతే కొన్నాళ్లకు ఆదరణ కూటం పెడతారు. పాటలు పాడి, పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, వచ్చినవాళ్లకు భోజనం పెడతారు. రూతమ్మకు ఆ కూటం జరగలేదు.

ఇదంతా నా భార్య సుగుణకు చెప్పడానికి నాకు ముప్పై ఏళ్లు పైన పట్టింది. అది కూడా ఆసుపత్రిలో, ఆమె ఇంక ఇంటికి రాదని తెలిశాక. సుగుణ నన్ను తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుని, “ఆవిడికి ఒక్క కూటమైనా పెట్టండి” అంది.

సుగుణ పోయి మూడేళ్లు. మాకు పిల్లలు లేరు. శ్రీకాకుళంలో మేడ మీద అద్దె వాటాలో ఒక్కణ్నే ఉంటున్నాను. ఒక గిన్నెడు అన్నం వండితే రెండు పూటలు వస్తుంది. కొన్ని రోజులు వండడం మానేసి బిస్కట్లతో సరిపెట్టేస్తాను. మాట్లాడే మనిషి లేకపోతే ఆకలి కూడా సరిగ్గా తెలీదు.

నిరుడు ధైర్యం చేసి మా పాస్టరు గారి దగ్గరికి వెళ్లాను. వివరాలన్నీ చెప్పలేదు. ఎప్పుడో పోయిన మేనత్తకు కూటం పెట్టాలన్నాను. ఆయన సంతోషించారు.

“అలాగే మాస్టారూ. ముందు ఫొటో ఒకటి ఇయ్యండి. ఫ్లెక్సీ కట్టకపోతే ఎవరి కూటమో జనాలకి ఏటి తెలుస్తాది?”

ఫొటో లేదనడానికి నోరు రాలేదు. తెస్తానని చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి పెళ్లి ఫొటోలో ఆ చేతిని చూస్తూ కూర్చున్నాను. రూతమ్మ మొహం ఈ లోకంలో మిగిలి ఉంటే ఒక్క చోటే ఉండాలి. ఆ సినిమాలో.

దాని పేరు నాకు తెలీదు. పూర్తయిందో లేదో కూడా తెలీదు. టీవీలో ఉన్న యాప్‌లన్నింటిలో పాత డాక్యుమెంటరీలని వెతికితే పులులు, యుద్ధాలు, పిరమిడ్లు వచ్చాయి. కొన్ని వారాలకు అసలు మాట దొరికింది. నాగరికులను భయపెట్టి, అసహ్యపెట్టి సొమ్ము చేసుకోవడానికి తీసిన ఇలాంటివాటిని ఎక్స్‌ప్లాయిటేషన్ డాక్యుమెంటరీలు అంటారట. వాటికి ఇప్పటికీ అభిమానులున్నారు. ఏది ఎక్కడ దొరుకుతుందో, ఇంట్లో కూర్చుని ఎలా చూడాలో జాబితాలు రాసి పెడతారు. కొన్ని మధ్యమధ్య ప్రకటనలతో ఉచితంగా వస్తాయి. కొన్ని డిస్కుల మీదే ఉన్నాయి. చాలావాటిమీద నొక్కితే, మీ దేశంలో లభ్యం కాదని వస్తుంది. మన దేశంలో తీసినవి మనకే లభ్యం కావు.

దొరికినవి పదకొండు చూశాను. అన్నం ముందు పెట్టుకుని చూడగలిగినవి కావు. ఏదో అడవిలో ఏడుస్తున్న ముసలివాళ్లు, ఏదో ఊళ్లో శవం చుట్టూ గుండెలు బాదుకుంటున్న ఆడవాళ్లు, పైన ఒక మగగొంతు నవ్వాపుకుంటూ చెప్పే కథనం. ప్రతి సినిమాలోనూ ఎవరో ఒకరి మేనత్త ఉంది. ప్రతి కెమెరా పక్కనా నాలాంటి ఒకడు నిలబడి ఉంటాడు కదా అనిపించేది.

చివరికి ఆ అభిమానులు మాట్లాడుకునే చోట నా ప్రశ్న రాశాను. వీణల మేస్త్రి, మిల్లు కూలీలు, కర్రతో ఒక స్త్రీ. పద్దెనిమిది రోజుల తర్వాత ఎవరో పేరు చెప్పారు. పాత సినిమాలు మాత్రమే వేసే ఒక చిన్న ఛానల్‌లో ఉందని, నెల చందా కడితే ఇండియాలో కూడా వస్తుందని రాశారు. ఆ పేరు ఇక్కడ రాయను. వెతికి చూడవలసినది కాదది.

చూసింది మంగళవారం, పట్టపగలు. పన్నెండు దాటింది. కుక్కరు దింపి, అన్నం చల్లారడానికి మూత తీసి, హాల్లో కూర్చున్నాను. కిటికీలు తెరిచే ఉన్నాయి. కింద వాటాలో ఉండే రమణమ్మ పెరట్లో బట్టలు ఉతుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు జ్వరం లేదు. బీపీ మాత్ర వేసుకున్నాను. నిద్రమత్తులో లేను.

యాభై నిమిషాలు గడిచాక మన ప్రాంతం వచ్చింది. కథనం చెప్పేవాడు మిల్లు కూలీలను చూపించి చీమలన్నాడు. వీణల మేస్త్రిని చూపించి, శవపేటిక చెక్కుతున్నాడన్నాడు. ఆ ముసలాయన పని ఆపి కెమెరాకు నమస్కారం పెట్టాడు.

తర్వాత కాలనీ. డప్పుల సంగీతం. వరుసగా నిలబడ్డ మనుషులు, దువ్విన తలలు. కర్ర పొడుచుకుంటూ రూతమ్మ.

“ఆమె అడిగేది ఒక్కటే, పిడికెడు అన్నం” అన్నాడు ఇంగ్లీషులో ఆ మనిషి. గొంతు అతనిది. వాక్యం నాది.

ఆమె చెయ్యి చాపింది. అక్కడ డప్పులు ఆగిపోయాయి. కథనం ఆగిపోయింది. నేను రిమోట్ ముట్టుకోలేదు, అది సోఫా చివర ఉంది. ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. రూతమ్మ నోరు తెరిచింది.

“ఒరే గుమ్మడీ. బువ్వ తిన్నావేటిరా?”

టీవీలోంచే వచ్చింది. ఆ బొంగురు గొంతే. ఆమె చెయ్యి అలాగే ఉంచి, జవాబు కోసం చూసేవాళ్లు చూసినట్టు చూస్తోంది. ఆ చూపు కెమెరాకు కాస్త ఎడమగా ఉంది. ఆ రోజు నేను నిలబడ్డ చోటు అది. మా హాల్లో సోఫా కూడా టీవీకి ఆ వైపే ఉంటుంది. మళ్లీ అడిగింది. ఆమె చెయ్యి వణకడం లేదు. మూడోసారి అడిగింది.

“లేదత్తా” అన్నాను. “ఇంకా తిన్లేదు.”

ముప్పై ఏళ్లు పిల్లలకు చక్కటి ఉచ్చారణ నేర్పినవాణ్ని. ఆ మాట నాలుగేళ్ల పిల్లాడి గొంతుతో వచ్చింది.

అత్త చెయ్యి దించుకుంది.

“తిను మరి. సల్లారిపోతన్నాది.”

వెంటనే తెర మీద ఇంకేదో ఊరు, ఇంకెవరో మనుషులు, మళ్లీ ఆ మగగొంతు. నేను లేచి వంటింట్లోకి వెళ్లి అన్నం పెట్టుకుని తిన్నాను. చారు వేసుకోవడం కూడా మరిచిపోయాను. ఏడుస్తూ గిన్నె ఖాళీ చేశాను. ఆ తర్వాతే వెనక్కి తిప్పి చూశాను.

ఏడు సెకన్లు. డప్పులు ఆగవు. కథనం ఆగదు. అందులో వాడింది మూడోసారి తీసిన ముక్క. రూతమ్మ పెదాలు మూసుకునే ఉన్నాయి. చాపిన చెయ్యి చాపినట్టుండగానే బొమ్మ మారిపోతుంది. ఆమె చెయ్యి దించడం ఆ సినిమాలో లేదు. చీకటి పడేలోగా ఇరవై సార్లు చూశాను. లేదు.

ఒంటరితనం, అపరాధ భావం, ఖాళీ కడుపు. ఎవరైనా నాకు చెప్పబోయే కారణాలు నాకు నేనే చెప్పుకున్నాను. ఒప్పుకున్నాను కూడా. తెర మీద ఆ బొమ్మను ఆపి, ఫోనుతో ఫొటో తీసుకుని పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఫ్లెక్సీ షాపుకు వెళ్లాను. కంప్యూటరు ముందున్నాయన ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏటండిది, టీవీలోంచి తీసినట్టున్నారు? సరే గాని, సెయ్యి కట్ సేసెయ్యమంటారా? ముకం ఒక్కటీ పెద్దది సేసి ఇస్తాను.”

“చెయ్యి ఉండాలి.”

“అది కాదు మాస్టారూ, ఏళ్లు లేవు గదా. సూసినోళ్లు ఏటో అనుకుంటారు.”

“అనుకోనియ్యి. మా ఇంట్లో ఒకసారి కట్ చేశారు. చాలు.”

ఆయనకు అర్థం కాలేదు గాని చెయ్యి ఉంచేశాడు.

ఇంటికొచ్చేసరికి రమణమ్మ మెట్ల దగ్గర చింతపండు పిక్కలు తీస్తోంది. వాళ్లు ఆమదాలవలస వైపు రైతులు. మా చర్చీకి, మా చుట్టాలకి ఆమెకు ఏ సంబంధమూ లేదు. నా గురించి ఆమెకు తెలిసింది నేను మాస్టార్నని, సుగుణ పోయిందని, అంతే.

“మాస్టారూ, నిన్న మీ ఇంటికొచ్చినావిడ ఎల్లిపోనాదేటి?” అంది.

“ఎవరూ రాలేదమ్మా.”

“అదేటండి! బట్టలారేస్తా ఇన్నాను గదా. ముసిలావిడ. గొంతు బొంగురుగా ఉన్నాది. గుమ్మడీ అని పిలుస్తన్నాది. గుమ్మడంటే మీరేనేటి?” అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నేను మెట్ల కమ్మీ పట్టుకున్నాను. “టీవీ అమ్మా అది. సినిమా.”

“సినిమాలోవోళ్లు మిమ్మల్నడుగుతారేటండి? మీరు తిన్లేదత్తా అనీసరికి తిను మరి అన్నాది గదా.” రమణమ్మ నవ్వు ఆపేసింది. “ముమ్మారు అడిగినాది పాపం. తిన్నాను, తిన్లేదు అని సెప్పడానికి అంతసేపేటి మాస్టారూ? నాకే కోపమొచ్చినాది. పెద్దావిడ మెట్లెక్కి వస్తే అలగేనా?”

ఆమె నా మొహం చూసి, లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

శనివారం కూటం జరిగింది. ముప్పై మంది దాకా వచ్చారు. రమణమ్మ కూడా వచ్చి వెనక కూర్చుంది. ఫ్లెక్సీలో రూతమ్మ చెయ్యి చాపి ఉంది. నేను లేచి ఆ రోజు కాలనీలో ఏం జరిగిందో, నేను ఏమని తర్జుమా చేశానో ఏదీ దాచకుండా చెప్పాను. టీవీ సంగతి చెప్పలేదు. మా వాళ్లలో వయసైన ఒకాయన భోజనాల దగ్గర కూడా నా పక్కన కూర్చోలేదు. అది న్యాయమే. లేచి వడ్డన నేనే చేశాను. ఫ్లెక్సీలో ఉన్నావిడే ఆ రోజు వచ్చిందా అని రమణమ్మను అడగాలనుకుని, విస్తట్లో అన్నం పెట్టి ముందుకు వెళ్లిపోయాను. ఆమె విన్నదే గాని చూడలేదు కదా.

కాలనీలో తీసిన రోజు సౌండ్ మిషను లాడ్జిలో ఉంది. సినిమాలో ఆమె నోరు మూసుకుని ఉంది. ఆ మంగళవారం నాటికి గుమ్మడి అనే పేరు తెలిసినవాళ్లు నేను తప్ప ఎవరూ బతికి లేరు, సుగుణకు కూడా ఆ పేరు చెప్పలేదు. వీటిని పక్కపక్కన పెట్టి చాలాసార్లు ఆలోచించాను. ఎటునుంచి చూసినా అతకవు. మా విశ్వాసంలో కూడా దీనికి చోటు కనపడలేదు. పాస్టరు గారిని అడగాలంటే భయం, ఆయన ఏదో ఒకటి చెప్పేస్తారని.

కూటం తర్వాత తొమ్మిది రోజులు, సరిగ్గా అదే వేళకు, అన్నం వండి పెట్టుకుని తినకుండా టీవీ ముందు కూర్చున్నాను. ఏడు సెకన్లు వచ్చేవి, పోయేవి. ఆకలితో కళ్లు తిరిగేదాకా చూశాను. డప్పులు, ఆ మగగొంతు, చాపిన చెయ్యి. అత్త మళ్లీ అడగలేదు.

పదో రోజున టీవీ పెట్టకుండా, అన్నం వేడిగా ఉండగానే తినేశాను.